పుడకల దాకా ఆగాలా?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. ఈ సామెత కట్టినాయన ఎవరో గాని, పుట్టిన దగ్గర్నుంచి పుడకల దాకా ఒక్క మనిషినైనా వెంటపడి చూశాడా అని నాకొక అనుమానం. నేను ముప్ఫై మూడేళ్లు లెక్కల మాస్టరుగా పనిచేశాను. గద్వాల వైపు కొన్నాళ్లు, వనపర్తిలో కొన్నాళ్లు, చివరికి నాగర్‌కర్నూలులో రిటైరై అక్కడే ఒక చిన్న ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాను. మూడు చోట్లా స్టాఫ్ రూముల్లో సుద్దముక్క కంటే ఎక్కువ అరిగిన వస్తువు ఈ సామెతే. దీనికి తోడు ఇంకొకటుంది, మొక్కై వంగనిది మానై వంగునా అని. రెండూ కలిపి చదివితే పిల్లవాడి జాతకం పూర్తయినట్టే. పంచాంగంతో పనిలేదు.

1982లో నా ఆరో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. కాలు కాలిన పిల్లి అంటారు చూడండి, అచ్చంగా అది. బెంచీ మీద కూర్చోబెడితే కాలు ఆడుతుంది, కాలు పట్టుకుంటే చెయ్యి ఆడుతుంది. నేను ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు చెప్పేసేవాడు. అది సగంసార్లు తప్పు, సగంసార్లు నాకంటే ముందు. దొరికిన ప్రతి వస్తువునూ విప్పేవాడు. నా సైకిలు బెల్లు ఒకసారి మాయమై, సాయంత్రానికి ఏడు ముక్కలుగా వాడి జేబులోంచి బయటపడింది. "లోపల ఏముందో చూసిన సార్" అన్నాడు. నేను చేయవలసింది చేశాను. అప్పట్లో బెత్తం కొనడానికి బడ్జెట్టులో పద్దు ఉండేది కాదు గాని వేపచెట్టు ఉండేది.

వాళ్ల నాయన చేనేత పనివాడు. గద్వాల చీర నేసేవాడు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెండు తీరుల దారాలను పోగు పోగుకీ ముడివేసి అతుకు కనపడకుండా నేయడానికి ఎంత ఓపిక కావాలో చూస్తేగాని తెలియదు. అలాంటి ఇంట్లో ఇలాంటివాడు పుట్టాడు. తల్లిని పిలిపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏం జేద్దు సారూ, కడుపుల ఉన్నప్పుడు గూడ గిట్లనే తన్నెటోడు. మగ్గం గుంతల కూసోబెడితె కుదురొస్తదేమోనని వాళ్ల నాయన కూసోబెట్టిండు. రెండు రోజులల్ల పోగులన్ని తెంపిండు" అంది. నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

ఆ మరుసటేడు హెడ్మాస్టరుగారి చేతిగడియారం పోయింది. ఎవరు తీశారన్న ప్రశ్నకు మా బడిలో జవాబు ముందే తయారుగా ఉంది. ప్రార్థన దగ్గర అందరి ముందూ "వీడే" అని చూపించినవాణ్ణి నేనే. వాడు తీయలేదన్నాడు, ఏడ్చాడు, తరవాత మాట్లాడటం మానేశాడు. వాళ్ల నాయన వచ్చి టీసీ అడిగితే, నడవడిక అన్న గడిలో "తృప్తికరం కాదు" అని రాసింది కూడా నేనే. నా దస్తూరీ బాగుంటుందని అలాంటి కాగితాలన్నీ నా చేతే రాయించేవారు. వేసవి సెలవుల్లో బీరువా జరిపి సున్నం వేయిస్తుంటే దస్త్రాల కట్టల వెనక గడియారం దొరికింది. "దొరికింది లెండి" అన్నారు హెడ్మాస్టరుగారు. "దొరికింది లెండి" అన్నాను నేను. వాళ్ల ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఇల్లు దూరమేమీ కాదు, కోటలో చెన్నకేశవస్వామి గుడి నుంచి పావుగంట నడక.

మళ్లీ వాణ్ణి చూసింది 1992లో, వనపర్తి బస్టాండులో. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య బేడీలతో నుంచుని ఉన్నాడు. విచారణలో ఉన్న మనిషికి ఊరికే బేడీలు వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆ మాట ప్రయాణంలో ఎక్కడో బస్సు దిగిపోయి ఉంటుంది. నన్ను చూసి రెండు చేతులూ కలిపే ఎత్తి, "నమస్తే సార్" అన్నాడు. విడివిడిగా ఎత్తే వీలు లేదు కదా. ఏం కేసని కానిస్టేబుల్ని అడిగాను. "మోటారు వైరు దొంగతనం సార్, ఇది మూడోది. వీనికిది పుట్టుకతోనే ఉన్నది" అన్నాడాయన. చూశారా, సామెత మా స్టాఫ్ రూములోంచి పోలీసు స్టేషనుకు నాకంటే ముందే ట్రాన్స్‌ఫరైపోయింది.

అదలా ఉంచి, మా మేనకోడలి సంగతి చెప్పాలి. హైదరాబాదులో క్లినికల్ సైకాలజిస్టు. నేరం చేసి, శిక్ష అనుభవించి, మళ్లీ నేరం చేసేవాళ్ల మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలన్నీ దాని దగ్గర ఉంటాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ కథ చెబితే, "మామయ్యా, నీ పిల్లవాడికి ఒక జబ్బు పేరుంది" అంది. ఏ.డి.హెచ్.డి. అట. మామూలుగా హైపరాక్టివిటీ అంటారు. దృష్టి నిలవదు, ఒళ్లు నిలవదు, అనిపించిన పని అనిపించిన క్షణంలోనే చేసేయకుండా ఉండలేరు. కొత్తదేమీ కాదు. ఫ్రాంక్‌ఫర్టులో హాఫ్‌మన్ అనే డాక్టరు 1840ల్లోనే తన కొడుకు కోసం రాసిన బొమ్మల పుస్తకంలో, భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఊపి ఊపి గుడ్డతో సహా పళ్లాలన్నీ లాగి పడేసే ఫిలిప్ అనే పిల్లవాణ్ణి పెట్టాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. తెలివికి లోటు లేకపోయినా నైతిక నిగ్రహంలో లోపముందని ఆయన నిర్ధారణ. అంత దూరమెందుకు, రోటికి కట్టేస్తే రోటితో సహా చెట్లు కూల్చుకుంటూ పోయిన పిల్లవాణ్ణి మనం దేవుడన్నాం. వెన్న దొంగతనం కేసులు ఆ పిల్లవాడి మీదా లెక్కలేనన్ని. నందుడి ఇంట్లో కాక మా గద్వాల మగ్గాల వీధిలో పుట్టి ఉంటే టీసీలో నేనేం రాసేవాణ్ణో!

"జైళ్లలో ఉన్నవాళ్లలో ఇలాంటి వాళ్లెంతమంది?" అని అడిగాను. వేర్వేరు దేశాల అధ్యయనాలన్నీ కలిపి సూజన్ యంగ్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు, ఆమె సహచరులు 2015లో ప్రకటించిన లెక్క ప్రకారం ఇంచుమించు నాలుగో వంతు. పరీక్షించే పద్ధతిని బట్టి ఈ అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. బయట పెద్దవాళ్లలో నూటికి ముగ్గురు కూడా ఉండరట. న్యూజిలాండులో డునెడిన్ అనే ఊళ్లో 1972-73లో పుట్టిన 1037 మంది పిల్లల్ని ఇప్పటికీ వెంబడిస్తున్నారు. చిన్నతనంలో నిగ్రహం తక్కువైనవాళ్లకు ముప్ఫై రెండేళ్లు వచ్చేసరికి కోర్టు శిక్షలు ఎక్కువ పడ్డాయని 2011లో రాశారు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 1945లో పుట్టిన దాదాపు పదివేలమంది మగపిల్లల రికార్డులు తీస్తే, అందులో నూటికి ఆరుగురు, అంటే 627 మంది, మొత్తం నేరాల్లో సగానికి పైగా తామే చేశారని తేలింది.

ఇదంతా విని నాకు లోపల్లోపల కొంచెం ఊరట కలిగిందని ఒప్పుకుంటున్నాను. చూశావా, నేను 1983లో రాసింది తప్పు కాదన్నమాట! ఆ పిల్లలే ఈ దొంగలు. నా దస్తూరీతో పాటు నా జోస్యమూ బాగుంది. ఆ మాట పైకి అనేశాను కూడా.

మేనకోడలు నవ్వి, "నువ్వు లెక్కల మాస్టరువేనా మామయ్యా?" అంది.

చెంపమీద కొట్టినట్టయింది. చతురస్రాలన్నీ దీర్ఘచతురస్రాలే, దీర్ఘచతురస్రాలన్నీ చతురస్రాలు కావు. సిద్ధాంతం నిజమైతే దాని విపర్యయం నిజం కానక్కరలేదని ముప్ఫై మూడేళ్లు నల్లబల్ల మీద అరిచినవాణ్ణి. జైల్లో ఉన్నవాళ్లలో చాలామంది చిన్నప్పుడు కుదురులేని పిల్లలే అయి ఉండవచ్చు. అంతమాత్రాన కుదురులేని పిల్లల్లో చాలామంది జైలుకు పోతారని కాదు. పోరు. చాలామంది ఉద్యోగాలు చేసుకుంటారు, వ్యాపారాలు పెడతారు, సంసారాలు చేస్తారు, కరెంటు బిల్లు కట్టడం మరిచిపోతారు, అంతే. బొంబాయి మేస్త్రీల దగ్గర పాలమూరు లేబరు ఎక్కువని, పాలమూరులో పుట్టిన ప్రతివాడూ బొంబాయిలో ఇటుకలు మోస్తున్నాడంటామా? బొంబాయిలో నిలబడి వెనక్కి చూస్తే దారి ఒక్కటే కనిపిస్తుంది. పాలమూరులో నిలబడి ముందుకు చూస్తే దారులు వేయి. జైలు గేటు దగ్గర నిలబడినవాడికి బాల్యం నేరుగా తన దగ్గరికే వచ్చినట్టుంటుంది. మాస్టరు నిలబడవలసిన చోటు అది కాదు.

ఈ వెనక్కి చూసే లెక్కనే చట్టం చేసిన కాలం ఒకటుంది. 1871లో తెల్లవాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, కొన్ని కులాల్లో పుట్టడమే నేరం చేశారు. పిల్లవాడు ఇంకా ఏమీ దొంగిలించనక్కరలేదు, పుడితే చాలు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలాగే 1913లో వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టి, నడపడం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. నిజాం ఏలుబడిలోనూ ఇదే బుద్ధి. ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలోని లింగాలలో ఎరుకల వాళ్లకు అలాంటి సెటిల్మెంటే పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. రద్దయితే మాత్రం ఏం, కులం పేరు తీసేసి "అలవాటు నేరస్థులు" అని 1962లో మన రాష్ట్రమే ఇంకో చట్టం చేసుకుంది. కేడీ అంటాం చూడండి, సినిమాల్లోనూ ఇంట్లో అల్లరి పిల్లల్నీ, "వీడు పెద్ద కేడీ" అని ముద్దుగా కూడా అంటాం. అది పోలీసు రికార్డుల్లో నోన్ డిప్రెడేటర్ అన్న మాటకు పొట్టి పేరు. తెలిసిన దోపిడీగాడని అర్థం. అంటే కొత్తగా తెలుసుకోవలసిందేమీ లేనివాడు. జైలు రిజిస్టర్లలో కులం గడి ఉండకూడదని, పుట్టిన కులాన్ని బట్టి ఎవరినీ అలవాటు నేరస్థులుగా చూడకూడదని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు రావలసి వచ్చింది.

నాకు అప్పుడు భయమేసింది. సైన్సు పేరుతో ఇంకో గడి తయారవుతోందా? కులం గడి తీసేసి మెదడు గడి పెడతామా? ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అయితే, ఏమీ తెలుసుకోకుండా ఉండటం వల్ల పిల్లవాడు బాగుపడతాడా అంటే, నేను తెలుసుకోకుండానే కదా వాడి గతి అలా అయింది.

ఇక రెండోవైపు. "పాపం, వాడి తప్పు కాదు, మెదడు తప్పు" అనేస్తే పోదా? అదీ నాకు సమ్మతం కాదు. వైరు పోయిన రైతు సంగతేమిటి? మా ఎండల్లో నాలుగు రోజులు మోటారు ఆగితే వేరుశనగ చేను ఎండిపోతుంది. ఎత్తుకుపోయినవాడి మెదడులో ఏ రసాయనం తక్కువైందని ఆ రైతు విచారించాలి? అలా అని అప్పు ఇచ్చినవాడు విచారిస్తాడా?

మేనకోడలు చెప్పిన ఇంకొక పరిశోధన నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. స్వీడన్‌లో ఈ జబ్బున్న 25 వేలమంది పైచిలుకు రికార్డులు చూశారు. ఒకణ్ణి ఇంకొకడితో పోల్చలేదు. అదే మనిషి మందు వేసుకుంటున్న కాలాన్ని, వేసుకోని కాలాన్ని పోల్చారు. మందు వాడిన కాలంలో మగవాళ్ల నేరాలు నూటికి 32 వంతులు తగ్గాయని 2012లో తేల్చారు. చూడండి ఎంత చిక్కో! ఒక మాత్ర వేసుకుంటే దొంగతనాలు తగ్గితే, మరి పాపం ఎక్కడుంది? మనసులోనా, మందుల షాపులోనా? యముడు చిత్రగుప్తుణ్ణి ప్రిస్క్రిప్షన్ అడగాలా?

చాలా ఆలోచించాను. ఆ మాత్ర మంచితనం పోయదు. చెయ్యికీ వస్తువుకీ మధ్య ఒక్క క్షణం వ్యవధి ఇస్తుంది. మిగతావాళ్లకు ఆ క్షణం పుట్టుకతోనే ఉంటుంది, అందుకే మనం దాన్ని మన గొప్ప అనుకుంటాం. ఆ క్షణంలో ఏం చేయాలన్నది మటుకు మనిషే చూసుకోవాలి. వెనక బెంచీ పిల్లవాడికి బోర్డు కనపడకపోతే కొడతామా? కళ్లజోడు పెట్టిస్తాం. పెట్టించాక, ఇక చదవమంటాం. కళ్లజోడు పెట్టించకుండా చదవమనడం ఎంత అన్యాయమో, పెట్టించి చదవక్కరలేదనడమూ అంతే. అన్నట్టు, మందు ఒక్కటే కళ్లజోడు కాదు. పరుగెత్తే పని దొరకడం, కనిపెట్టుకుని ఉండే మనిషి దొరకడం కూడా అదే కోవలోకి వస్తాయేమో. ఎందుకంటున్నానంటే –

పోయినేడు ఎండాకాలంలో మా ఇంటి బోరు మోటారు కాలిపోయింది. తెలిసినవాళ్లు పంపగా చైన్ పుల్లీ మోసుకుని ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, తల నెరిసింది. పైపులు పైకి లాగుతూ, బిగిస్తూ, మధ్యలో పరుగెత్తి గొళ్లెం చూస్తూ, ఒక్కచోట నిలవడం లేదు. కాలు చూసి గుర్తుపట్టాను. నన్ను ఆయన అంతకుముందే గుర్తుపట్టాడట. "మీ దస్తూరి గేటు మీద పేరుకాడ జూసిన సార్" అన్నాడు.

మూడోసారి జైలు నుంచి వచ్చాక పెండ్లయిందట. మామ బోరు మెకానిక్కు. "కూసోని చేసే పని గాదు సార్ ఇది, చేను చేనుకు తిరుగాలె. నాకు నప్పింది. మా ఆమె రోజు సాయంత్రం పైసలు లెక్కగట్టి తీస్కుంటది. తాగుడు లేదు, తిరుగుడు లేదు" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా మళ్లీ కేసు లేదు. కాని చుట్టుపక్కల ఎక్కడ రాగి వైరు పోయినా పోలీసులు ముందు ఆయన్నే పిలిచేవారట. మొన్నమొన్నటి దాకా.

ఇక్కడ నా సామెతకు అమెరికా నుంచి సాక్ష్యం ఉంది. బోస్టన్ బాలనేరస్థుల బడుల్లోని 500 మంది పిల్లల గురించి గ్లూక్ దంపతులు 1940ల్లో సేకరించిన కాగితాలు హార్వర్డులో నేలమాళిగలో పడి ఉంటే, సాంప్సన్, లాబ్ అనే ఇద్దరు దులిపి తీశారు. ఆ పిల్లల్లో బతికి ఉన్నవాళ్లను డెబ్బై ఏళ్ల వయసులో వెతికి పట్టుకుని 2003లో పుస్తకం రాశారు. చిన్నప్పటి లక్షణాలను బట్టి ఎవరు చివరిదాకా నేరస్థుడిగా ఉంటాడో చెప్పడం సాధ్యం కాలేదు. ముందో వెనకో అందరి నేరాలూ తగ్గుముఖం పట్టాయి. పెళ్లి, పని, సైన్యంలో ఉద్యోగం లాంటివి చాలామందిని మళ్లించాయి. సామెత చెప్పినట్టు పుడకల దాకా వెంటపడి చూసినవాళ్లు వీళ్లిద్దరే, వాళ్లకు కనిపించింది సామెత కాదు.

మోటారు దించాక నేను గడియారం సంగతి చెప్పాను. బీరువా వెనక దొరికిందని. నలభై ఏళ్లు ఆలస్యంగా. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. జీవితంలో ఆ చెయ్యి ఆగడం నేను చూసింది అదొక్కసారే. "అవునా సార్" అన్నాడు. కొంచెంసేపటికి, "మా నాయనకు తెలిస్తే బాగుండు" అన్నాడు. తండ్రి పోయి చాలా ఏళ్లయిందట. ఆ టీసీ చూసి ఇంకే బడిలోనూ చేర్చుకోలేదని కూడా చెప్పాడు. ఇప్పటి చట్టంలో అయితే, 2015 నాటిది, నేరం నిజంగా చేసిన పిల్లవాడి రికార్డయినా సరే చెరిపేసి కొత్తగా మొదలుపెట్టనివ్వాలని ఉంది. చేయని నేరానికి నేను రాసిన గడి మాత్రం చెరగలేదు. నా వల్లే ఆయన దొంగ అయ్యాడని నేను అనను. ఒక్క మాటతో ఒక బతుకును తిప్పేటంత గొప్పవాణ్ణి కాను, మేనకోడలు కూడా కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదంటుంది. కాని తలుపులు మూసిన చేతుల్లో ఒకటి నాది. మూసింది నా అందమైన దస్తూరీతో.

మరుసటి వారం ఆయన మళ్లీ వచ్చాడు. వెంట తొమ్మిదేళ్ల మనవడు. కూతురి కొడుకు. "బడిల ఊకె కంప్లెంటు సార్. అరనిమిషం కూసోడు. టీచరమ్మ ఏదో హైపరు అన్నది, హైదరాబాదులో చూపించమన్నది" అని, గొంతు తగ్గించి, "నాలెక్కనే అయితడా సార్?" అన్నాడు.

ఇదివరకైతే ఈ ప్రశ్నకు నా దగ్గర రెండు సామెతలుండేవి. ఆ రోజు ఏమీ లేవు. మా మేనకోడలి దగ్గరికి తీసుకువెళ్దాం, ఆమె చూస్తుంది, అన్నాను. మాత్ర అవసరమైతే డాక్టరు రాస్తాడు, బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టమని నేను వెళ్లి మాట్లాడతాను, పావుగంటకొకసారి లేచి తిరగనివ్వమంటాను, అన్నాను. చెబుతూనే ఉన్నాను, ఆయన నా భుజం మీదుగా చూసి ఒక్కసారి లేచి చెయ్యెత్తాడు. వెనక్కి తిరిగాను. పిల్లవాడు టీపాయి మీద నా అలారం గడియారం వెనకమూత ఊడదీశాడు. మరలన్నీ వార్తాపత్రిక మీద వరసగా పేర్చి ఉన్నాయి. స్క్రూడ్రైవరు తాత సంచీలోంచి ఎప్పుడు తీశాడో!

ఎత్తిన చెయ్యి నేను పట్టుకున్నాను.

"మళ్లీ బిగిస్తావురా?" అన్నాను.

"ఎన్ని నిమిషాలల్ల బిగియ్యాలె?" అన్నాడు వాడు, తలెత్తకుండానే, ఒక కాలు మీద నిలబడి రెండో కాలు ఊపుతూ.

కూర్చుని బిగించు అనబోయి మానుకున్నాను. నిలబడే బిగించమన్నాను.